వెనక చక్రాల డిస్కులు

వెనక బ్రేకు డిస్కులు అరిగిపోయాయని, అవి మార్చేదాకా పాపను ఎక్కించుకోనని కారు చెప్పింది. డ్రైవరు లేని ఆ కారులోనే తొమ్మిదేళ్ల హిమజ రోజూ ఒంటరిగా బడికి వెళుతుంది. తండ్రి నాంచారయ్య ఒకప్పుడు ఆటోనగర్‌లో మెకానిక్. కొత్త డిస్కులు తెచ్చుకుని, పొద్దున్నే వాకిట్లో జాకీ పెట్టి చక్రాలూ డిస్కులూ విప్పాడు.

పాత డిస్కు అంచును బొటనవేలి గోటితో తడిమాడు. డిస్కు అరిగితే అంచు గట్టులా మిగులుతుంది, గోరు తగులుకుంటుంది. ఇక్కడ తగల్లేదు. రెండోదీ అంతే.

"మల్లేశ్వరీ, ఇది అబద్ధమాడుతోంది."

"నీకు ఊళ్లో అందరూ దొంగలేగా. ఇప్పుడు కారు కూడానా?" అంది భార్య.

అతను పాత డిస్కులే మళ్లీ బిగించి, చక్రాలు ఎక్కించాడు. "మార్చేశా, చూసుకో," అన్నాడు కారుతో.

కారు ముందుకీ వెనక్కీ కదిలి ఆగింది. "పరీక్షించాను నాంచారయ్య గారూ. కొత్త డిస్కులు బాగా పనిచేస్తున్నాయి. పాపను పంపండి."

కొత్త డిస్కుల పెట్టెకు వేసిన టేపు ఇంకా ఊడలేదు. మల్లేశ్వరి దాన్ని చూసింది, కారును చూసింది. హిమజ అప్పటికే సీట్లో కూర్చుని ఉంది.

"దిగవే," అంది మల్లేశ్వరి సంచీ అందుకుంటూ. "నడిచిపోదాం."