అనుమానం పిన్ని

ఇన్‌స్పెక్టర్ మైకు అందుకోగానే సెక్రటరీకి ప్రాణం లేచొచ్చింది.

కిందటి నెల ఎవడో కరెంటు ఆఫీసు అధికారినంటూ వెనక బ్లాకు తాతగారి ఖాతా ఊడ్చేశాడు. ఆ రోజు నుంచి అపార్ట్‌మెంటు మొత్తం సెక్రటరీ మీదే పడింది. అలాంటివాణ్ణి గేటు లోపలికి ఎలా రానిచ్చావని నిలదీశారు. వాడు వచ్చింది ఫోన్లోనని మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు.

పైగా లిఫ్టు చెడిపోయి కూర్చుంది. "పనిచేయదు" అన్న అట్టముక్క దాని తలుపుకి వేలాడుతోంది. బాగుచేయించడానికి ఇంటింటా వసూలు చేసిన డబ్బంతా సెక్రటరీ ఖాతాలోనే ఉంది. మెకానిక్ రేపు వస్తాడు. ఈలోపు ఆ డబ్బుకి ఏమైనా అయితే సెక్రటరీ కుర్చీ మాట అటుంచి, కట్టుకున్న ఆవిడే గడప తొక్కనివ్వదు.

అలాంటి సమయంలో ఇన్‌స్పెక్టరే ఫోన్ చేసి, మోసాల మీద అవగాహన సదస్సు పెడతాం, హాలు ఇస్తారా అన్నాడు. సెక్రటరీ హాలుతో పాటు టీ, బిస్కట్లు కూడా ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ బ్రహ్మాండంగా మాట్లాడాడు.

"యూనిఫాం చూసి పడిపోకండి. అది బట్టల కొట్లో దొరుకుతుంది. ఏ అధికారీ ఫోన్ చేసి డబ్బు వేయమని అడగడు. ఫోన్లోనే అరెస్టు చేశామంటే, బేడీలు కూడా ఫోన్లోనే పంపమనండి."

హాలంతా నవ్వింది. తాతగారు తప్ప.

"ఇక చివరి పని. మీ అందరి ఫోన్లలో మా రక్షణ యాప్ వేయాలి. దొంగ ఫోన్లు వస్తే అదే ఆపేస్తుంది. ఒక్కొక్కరే రండి."

సెక్రటరీ లేవబోయాడు. అంతలో వెనక నుంచి ఒక గొంతు.

"ఆగవయ్యా. యూనిఫాం కొట్లో దొరుకుతుందని నువ్వే అన్నావు. నీది ఏ కొట్లో కొన్నావు?"

వెనక బ్లాకు వాళ్ళ వరసలోంచి ఒక పిన్నిగారు లేచింది. "ఈ దిక్కుమాలిన లిఫ్టు ఎప్పుడు బాగవుతుందో," అని మోకాలు పట్టుకుని మూలుగుతూ ముందుకొచ్చింది.

సెక్రటరీది ముందు బ్లాకు. వెనక బ్లాకు వాళ్ళతో అతనికి మొదటి నుంచీ పడదు. పిలిచి టీ ఇస్తే కప్పులో ఈగని వెతికే రకమని అతని అభిప్రాయం.

"పిన్నిగారూ, కాస్త కూర్చోండి. పెద్దమనిషిని పట్టుకుని ఆ మాటలేంటి?"

"కూర్చుంటే ఆ తాతగారిలా మిగులుతాం. కార్డేదయ్యా, చూపించు."

ఇన్‌స్పెక్టర్ మొహం కందిపోయింది. కార్డు తీసిచ్చాడు. పిన్ని దాన్ని ట్యూబులైటు కింద పెట్టి, తిప్పి చూసి, గోటితో గీకింది.

"ఇదీ ప్రింటు కొట్టించుకోవచ్చు. స్టేషన్‌కి ఫోన్ చేస్తాను."

"చెయ్యండమ్మా. నంబరు చెప్పమంటారా?"

"నువ్వు చెప్పిన నంబరుకి చేస్తే మీ తమ్ముడు ఎత్తుతాడు. స్టేషన్ నంబరు నా దగ్గరుందిలే."

చప్పట్లు మోగాయి. "ముందు బ్లాకు వాళ్ళ నోరంటే నోరే," అని తాతగారి కోడలు పక్కావిడతో అంది. అది తన గురించేననుకుని సెక్రటరీ గుర్రుగా చూశాడు.

పిన్ని ఫోన్‌లో స్పీకర్ పెట్టింది. అవతల విసుగు గొంతు పలికింది.

"పోలీస్ స్టేషన్. ఆ, మా ఇన్‌స్పెక్టరే వచ్చారమ్మా అక్కడికి. ఎడమ చెంప మీద మచ్చ ఉంటుంది, చూసుకోండి."

అందరూ మెడలు సాచారు. మచ్చ ఉంది.

పిన్ని మెత్తబడింది. "ఏమనుకోకు నాయనా. ఒంటరిదాన్ని, నా జాగ్రత్త నాది," అంటూ అందరికంటే ముందు తన ఫోనే అతని చేతిలో పెట్టింది.

"ఇంటికొకరు మీలాంటివాళ్ళుంటే మాకు పనే ఉండదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ తర్వాత సెక్రటరీ ఇచ్చాడు. నొక్కమన్న చోటల్లా వేలు నొక్కాడు. అతని వెనక జనం పెద్ద వరస కట్టారు. తాతగారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "నా ఫోన్లో కాపలా కాయడానికి ఏముంది బాబూ," అన్నాడు.

సెక్రటరీ ఇంటికెళ్ళి చెప్పులు విప్పేలోపే ఫోన్ కుయ్యిమంది. చూస్తే లిఫ్టు డబ్బు లేదు. తన డబ్బూ లేదు. అన్ని అంతస్తుల్లోనూ తలుపులు తెరుచుకున్నాయి. అరుపులు మెట్ల మీదుగా దిగివచ్చి అతని గుమ్మం ముందు ఆగాయి.

"వాణ్ణి పిలిచి టీ పోసింది నువ్వే కదయ్యా," అంది తాతగారి కోడలు.

"నేనొక్కణ్ణేనా నమ్మింది? పిన్నిగారు అంత గీకి చూసి నమ్మలేదా? స్టేషన్ నంబరు ఆవిడ దగ్గరే ఉంది. ముందు ఆవిడని పిలవండి."

"మీ బ్లాకావిడని మీరే పిలుచుకోండి."

"మా బ్లాకేంటి? మీ వరసలోనేగా కూర్చుంది."

"ఖాళీ కుర్చీ ఉంటే వచ్చి కూర్చుంది."

సెక్రటరీ వాచ్‌మన్ వైపు తిరిగాడు. "ఆవిడది ఏ ఫ్లాటో నీకైనా తెలుసా?"

వాచ్‌మన్ తల గోక్కున్నాడు.

"ఫ్లాటు సంగతి తెలీదండీ, ఆ ఇన్‌స్పెక్టర్ గారి బండి మీదే వచ్చి ఆ బండి మీదే వెళ్ళిపోతుంటే వాళ్ళమ్మగారనుకుని రెండుసార్లూ సెల్యూట్ కొట్టాను."