గిరాకీ లేని కోర్సు

"ఎంతమంది పేర్లిచ్చారు అబ్బాయ్?"

మళ్ళీ ఆవిడే! చైతన్య ఫోన్ స్పీకర్లో పెట్టి తల పట్టుకున్నాడు.

"చాలామందే ఇచ్చారండీ."

"ఏ ఏ ఊళ్ళ వాళ్ళు? ఎన్నో నెల?"

"అవన్నీ బయటికి చెప్పకూడదండీ. అసలు మీరెవరు?"

"నా గొడవ తర్వాత చెప్తాలే. ముందు ఆ పిల్లల సంగతి చెప్పు. వాళ్ళ నంబర్లు నాకిస్తే..."

చైతన్య ఠక్కున ఫోన్ పెట్టేశాడు.

కరోనా వచ్చాక జర్మనీలోని కొలోన్ నగరంలో అతని కంపెనీ పని తగ్గించి జీతంలో కోత పెట్టింది. ఖాళీగా కూర్చోలేక ఆన్‌లైన్ కోర్సు ఒకటి అమ్ముదామనుకున్నాడు.

దేనిమీద కోర్సు? వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. ఇంట్లో భార్య మనోజ్ఞకి ఎనిమిదో నెల. విమానాలు ఆగిపోయి వాళ్ళమ్మ రాలేకపోయింది. ఇలా చిక్కుకుపోయిన తెలుగు ఆడపిల్లలు జర్మనీ నిండా ఉంటారు కదా!

'జర్మనీలో కాన్పు, తెలుగులో' అని ఇంటర్నెట్లో ఒక పేజీ పెట్టాడు.

కోర్సు మాత్రం తయారు చేయలేదు. ముందు పేజీ పెట్టాలి. ఎంతమంది పేరిస్తారో, అందులో ఎంతమంది డబ్బు కడతామంటారో చూడాలి. గిట్టుబాటు అవుతుందంటేనే కష్టపడాలి. ఈ వ్యాపారంలో పద్ధతి అదేనట.

పేర్లు బోలెడు వచ్చాయి. డబ్బు మాట ఎత్తేసరికి అందరూ మాయం.

మాయం కానిది, పేజీలో పేరు మాత్రం రాసి రోజూ ఫోన్ చేసే ఈ ఏసుకుమారి ఒక్కతే. గొంతు వింటే బాగా పెద్దావిడ. పైగా కోర్సు గురించి ఒక్క ముక్క అడగదు.

"ఎవరు చైతూ?" మనోజ్ఞ అడిగింది.

"ఇంకెవరు, కాంపిటీటర్! మన లిస్టు కొట్టేసి తనే కోర్సు పెట్టేద్దామని. లేకపోతే ఊళ్ళూ నెలలూ తనకెందుకు?"

"పెద్దావిడ కదా, నాతో ఒకసారి మాట్లాడించొచ్చుగా. నాకు భయంగా ఉంది చైతూ. అమ్మా లేదు, నిన్నూ లోపలికి రానివ్వరట. వాళ్ళు జర్మన్‌లో ఏదో అంటే నేనేం చేయాలి?"

"డాక్టర్లకి ఇంగ్లీష్ వచ్చులే. ఊరికే టెన్షన్ పడకు."

మర్నాడు మళ్ళీ ఫోన్.

"ఒక్క నిమిషం నా మాట విను నాయనా..."

"ఇలాంటి ఎత్తులు చాలా చూశానండీ. కావాలంటే మీరూ ఒక పేజీ పెట్టుకోండి!"

"నాకు పేజీలూ గీజీలూ ఎక్కడొచ్చయ్యా! నువ్వు ఆ పిల్లల్ని..."

బ్లాక్ కొట్టాడు. పీడా పోయిందనుకున్నాడు.

ఆ సాయంత్రమే లెక్క తేల్చేశాడు. అవసరం ఉంది, గిరాకీ లేదు. పేజీ మూసేసి, వచ్చిన పేర్లన్నీ చెరిపేశాడు. అందులో ఒకమ్మాయి 'అన్నయ్యా, కోర్సు త్వరగా పెట్టండి, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు' అని రాసింది. వేలు ఒక్క క్షణం ఆగింది. అయినా నొక్కేశాడు.

కొన్ని వారాలకి మనోజ్ఞకి నొప్పులు మొదలయ్యాయి.

ఆసుపత్రి గుమ్మంలోనే చైతన్యని ఆపేశారు. కార్లో కూర్చున్నాడు. ఫోన్లో మనోజ్ఞ ఏడుస్తోంది.

"ఏదో అరుస్తున్నారు చైతూ! ముక్కమంటున్నారో, ఆపమంటున్నారో తెలియట్లేదు!"

"ఫోన్ వాళ్ళకివ్వు!"

ఇచ్చింది. నర్సు గబగబా ఏదో చెప్పింది. చైతన్యకి వచ్చిన జర్మన్ కూరగాయల కొట్టుకి సరిపోతుంది, కాన్పు గదికి కాదు. "సారీ, సారీ" అంటుండగానే లైన్ కట్టయింది.

మర్నాడు కాసేపు లోపలికి రానిచ్చారు. పాప బాగుంది. మనోజ్ఞ గోడవైపు తిరిగి పడుకుంది.

"కడుపు కోయబోతున్నారని కూడా నాకు తెలీదు చైతూ. డాక్టర్ ఇంగ్లీష్‌లోనే చెప్పాడేమో. ఆ నొప్పుల్లో నాకొచ్చిన ఇంగ్లీష్ కూడా ఎటో పోయింది. చచ్చిపోతున్నాననుకున్నాను."

ఈ భయం సంగతి చైతన్యకి ముందే తెలుసు. దానికి ఎంత ధర పలుకుతుందో చూశాడే గానీ, సాయంగా ఒక్క మనిషిని వెతకలేదు. చెరిపేసిన ఆ పేర్ల వాళ్ళంతా ఇప్పుడు ఏ గదుల్లో ఏడుస్తున్నారో! తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇంగ్లీష్ వచ్చిన ఇంకో నర్సు అతన్ని వరండాలోకి పిలిచి, నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పింది.

"మీ భార్య బాగా బెదిరిపోయింది. మీ భాషావిడ ఉండుంటే ఇంత కష్టం ఉండేది కాదు."

"మా భాషావిడా?"

"ఇక్కడే కాన్పులు చేసి రిటైరయింది. మీ ఆడపిల్లలకి నొప్పులొస్తే ఏ వేళైనా తనకి ఫోన్ చేయమని, బిడ్డ పుట్టేదాకా లైన్లో ఉండి ధైర్యం చెప్తానని మా అందరికీ చెప్పి పెట్టింది. పోయిన వారమే కరోనాతో పోయింది."



నర్సు మాస్కు పైన కళ్ళు తుడుచుకుంది.

"ఆ పిల్లల పేర్లన్నీ ఎవరో ఒకబ్బాయి దగ్గరున్నాయట, ఎత్తుతాడేమోనని ఇదే ఆసుపత్రిలో మంచం మీంచి కూడా అతనికి ఫోన్ చేస్తూనే ఉండేది మా ఏసుకుమారి."