ఇన్సాఫ్ అలక

"ఏం, నేను రాగానే మాటలు ఆగిపోయాయి? నా గురించేనా?"

తడిసిన గొడుగు మూలన పెడుతూ అడిగింది ఇన్సాఫ్.

అలెగ్జాండ్రియాలోని ఆ జనన మరణాల నమోదు ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా మరణాల రిజిస్టరు ఆమెదే. పనిలో వంక పెట్టడానికి లేదు. మనసు మాత్రం అత్తిపత్తి ఆకు. వేలు తగిలితే చాలు, ముడుచుకుపోతుంది.

"అబ్బే, వాన గురించి అనుకుంటున్నాం అక్కా" అన్నాడు పక్క బల్ల హిల్మీ.

నిన్న ఒక తేదీ తప్పు పడిందని చెప్పినందుకు సాయంత్రం దాకా అతనితో మాట్లాడలేదామె. ఎనిమిదేళ్లుగా ఇదే వరస. ఆమె అలగడం, అతను బతిమాలడం, ఆ బతిమాలడం కూడా వెటకారమేనని ఆమె మళ్లీ అలగడం. హిల్మీకి ఇప్పుడు విసుక్కునే ఓపిక కూడా లేదు.

కూర్చోగానే ఖాళీ బల్ల చూసి ఉలిక్కిపడింది ఇన్సాఫ్.

"నా కాగితాలేవి?"

"నా దగ్గరున్నాయి. ఇవాళ్టికి నేను రాస్తాను."

"ఎందుకు? నిన్నటి తప్పుకు శిక్షా?"

"కాదక్కా. చలిగా ఉంది కదా, కాస్త విశ్రాంతిగా ఉంటారని..."

"చలి నా ఒక్కదానికేనా? ముసలిదాన్నైపోయానని మొహం మీదే చెప్పు, పోనీ!"

ఆఫీసరు లబీబ్ తన గదిలోంచి వచ్చాడు. పుదీనా వేసిన టీ గ్లాసు స్వయంగా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఓహో! బదిలీ ఉత్తర్వు కూడా తయారైందన్నమాట" అందామె. టీ ముట్టుకోలేదు.

లబీబ్ హిల్మీ వంక చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

ఇన్సాఫ్ లేచి హిల్మీ బల్ల దగ్గరికి వచ్చింది. అతను గబుక్కున కాగితాల కట్ట మీద రెండు చేతులూ పెట్టాడు.

"ఇలా ఇవ్వు."

"ఇవ్వనక్కా."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చేయి పట్టి పని నేర్పినదాన్ని నేను. నా కుర్చీకే ఎసరు పెడతావా? సాయంత్రానికి మా ఆయన లారీ మత్రూహ్ నుంచి వస్తుంది. రానీ, ఆయన్నే తీసుకొచ్చి నిలబెడతాను మీ అందరి ముందూ!"

మామూలుగా అయితే హిల్మీ ఈపాటికి ఏదో ఒక మాట విసిరేవాడే. ఇవాళ తల దించుకున్నాడు.

"నాదే తప్పక్కా. ఎంత తిట్టాలనిపిస్తే అంత తిట్టండి."

"చాల్లే నీ వెటకారం!"

గోడ వైపు తిరిగి కూర్చుందామె. గంట గడిచింది. ఎవరూ పెద్దగా దగ్గను కూడా దగ్గలేదు. పలకరిస్తే ఒక తంటా, పలకరించకపోతే ఇంకో తంటా. హిల్మీ చేతులు తిమ్మిరెక్కాయి. అయినా తీయలేదు.

పదకొండు దాటాక తలుపు తెరుచుకుంది. దమన్‌హూర్‌లో ఉండే ఇన్సాఫ్ తమ్ముడు, వానలో ముద్దయి, గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వా? నా మీద చాడీలు చెప్పడానికి నిన్ను కూడా పిలిపించారా వీళ్లు?" అంటూ లేచిందామె.

అతను నేరుగా వచ్చి అక్క భుజాలు పట్టుకున్నాడు.

అప్పుడు గానీ హిల్మీ చేతులు తీయలేదు. పొద్దున్నే ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ మరణ పత్రాల్లో, అన్నిటికన్నా పైన ఉన్నది, తెల్లవారుజామున మత్రూహ్ రోడ్డు మీద బోల్తా పడిన లారీలో దొరికిన ఇన్సాఫ్ భర్తది.