ఇంకా రాలేదండి

"ఇదేంటి?" అంది ఓనరమ్మ.

పాత కీబోర్డుల అట్టపెట్టెల వెనక నుంచి ఆమె లాగిన డబ్బా చూడగానే సేల్స్‌మన్ చేతిలో పని ఆపేశాడు. కంప్యూటర్ తెర మీద బొమ్మల్ని ఆగకుండా కదిలించే కొత్త గ్రాఫిక్స్ కార్డు. కంపెనీవాళ్ళు నెలాఖరుకి విడుదల అన్నారు, కాదు వచ్చే నెల అన్నారు, అసలు ఈ ఏడాది ఉండకపోవచ్చన్నారు. జనాన్ని ఇన్నాళ్ళు ఊరించి, తీరా విడుదలయ్యాక షాపుకి నాలుగంటే నాలుగు పంపి చేతులు దులుపుకున్నారు. మూడు వచ్చిన రోజే ఎగిరిపోయాయి. నాలుగోది ఇదిగో, ఇక్కడ దాక్కుంది.

"పక్కన పెట్టాను మేడమ్. ఒక కస్టమర్ కోసం."

"ఎవరికోసం?"

"టీ టైమ్ సార్ కోసం."

ఆ పేరు పెట్టింది ఓనరమ్మే. ఆయన ఇంట్లో కూర్చుని, కట్టబోయే బిల్డింగులు ఎలా ఉంటాయో కంప్యూటర్‌లో బొమ్మ కట్టి చూపిస్తుంటాడు. షాపుకి ఎప్పుడూ రాలేదు. రోజూ వీళ్ళు టీ తాగే వేళకి మాత్రం ఠంచనుగా ఫోన్ చేస్తాడు.

"ఆయన నిన్న కూడా చేశాడుగా. 'ఇంకా రాలేదండి' అని నువ్వు చెప్పడం నా చెవులారా విన్నాను."

సేల్స్‌మన్ బిల్లు మిషన్ మీద లేని దుమ్ము తుడిచాడు.

"ఎవరికైనా ఎక్కువ రేటుకి అమ్ముకుందామనా?"

"అయ్యో, అదేం లేదు మేడమ్."

"మరి?"

ఏమని చెప్తాడు? ఆ ఫోన్లో కార్డు సంగతి ఒక్క ముక్కే. 'వచ్చిందాండీ?' 'ఇంకా రాలేదండి.' ఆ తర్వాతదంతా వేరే. భోంచేశారా, దగ్గు తగ్గిందా, ఊడిన ఆ చొక్కా గుండీ కుట్టించుకున్నారా. పొద్దుట్నుంచి షాపులో ఎంతమందితోనో మాట్లాడతాడు గానీ, తిన్నావా అని అడిగేది ఆ ఒక్క గొంతే. గదికి వెళ్తే ఫ్యాన్ చప్పుడు తప్ప తోడు లేదు. కార్డు వచ్చిందని చెప్పేస్తే ఇక ఆ ఫోన్ రాదు. కొనేసిన వస్తువు కోసం షాపుకి ఎవరు ఫోన్ చేస్తారు? ఇది చెప్తే ఓనరమ్మ నవ్వుతుంది. నవ్వకపోతే జాలిపడుతుంది, అది ఇంకా కష్టం.

"మర్చిపోయాను మేడమ్."

"బాగుంది నీ మతిమరుపు. దీనికోసం ఇద్దరు కాళ్ళరిగేలా తిరుగుతున్నారు. ఇప్పుడే నా ఎదురుగా ఆయనకి ఫోన్ చెయ్యి. కావాలంటే సాయంత్రం నువ్వే వెళ్ళి బిగించి రా. వద్దంటే వాళ్ళకిచ్చేద్దాం."

తను ఆ నంబరుకి ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"సార్, కార్డు వచ్చిందండి."

అవతల కీబోర్డు టకటక ఆగిపోయింది.

"వచ్చేసిందా," అన్నాడాయన. కళ్ళముందే బస్సు వెళ్ళిపోయినవాడి గొంతులా ఉంది. "నాకు తొందరేం లేదండి. ఎవరికైనా అర్జెంటైతే ఇచ్చేయండి. నేను తర్వాత చూసుకుంటాను."

విసిగిపోయినట్టున్నాడు, తప్పంతా తనదే అనుకున్నాడు సేల్స్‌మన్. "లేదు సార్, సాయంత్రం తెస్తాను. నేనే బిగించి వెళ్తాను."

సాయంత్రం ఆయన ఇంటి బెల్లు మీద వేలు పెట్టాడో లేదో తలుపు తెరుచుకుంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. సేల్స్‌మన్‌ని ఎగాదిగా చూశాడు.

"గుండీ కుట్టించుకోలేదన్నమాట."

"రేపు కుట్టిస్తాను సార్."

"నెల నుంచీ రేపే అంటున్నారు."

గదిలో రెండు కుర్చీలున్నాయి. రెండోదాని మీది ఫైళ్ళన్నీ ఇప్పుడే కిందికి దించినట్టు గోడవారగా పడున్నాయి. బల్ల మీద రెండు కప్పులు. ఒకటి అంచు విరిగిన పాతది. రెండోదానికి ఇంకా రేటు స్టిక్కరు ఉంది. కొత్త కప్పులో టీ ఇచ్చాడు. టీ అయ్యాక బిస్కెట్లన్నాడు. బిస్కెట్లయ్యాక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎదురింటి పావురాలని చూపించాడు.

"ఇవాళే పెట్టాలంటారా?" అని అడిగాడు.

సేల్స్‌మన్ కంప్యూటర్ వైపు చూశాడు. తెర మీద ఒక పెద్ద భవనం ఎక్కడా తడబడకుండా గుండ్రంగా తిరుగుతోంది.

"బొమ్మ ఆగి ఆగి తిరుగుతోందన్నారు కదా సార్?"

"ఎందుకో ఇవాళ బుద్ధిగా తిరుగుతోందండి," అన్నాడాయన మొహం పక్కకి తిప్పుకుని.

ఇక తప్పదు. సేల్స్‌మన్ సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ఇది బిగించేస్తే రేపు టీ వేళకి షాపు ఫోన్ మోగదు. కంప్యూటర్ ఆపి, స్క్రూలు విప్పి, పక్క మూత తీశాడు.

లోపల అదే కార్డు ఉంది. సరికొత్తది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

ఆయన ఖాళీ కప్పులోకి చూస్తూ నిలబడ్డాడు. "విడుదలైన రోజే వేరే షాపులో దొరికిందండి," అన్నాడు మెల్లగా. "మీకు చెప్దామనే ఆవేళ ఫోన్ చేశాను. మీరేమో దగ్గుతున్నారు. రేపు చెప్దాంలే అనుకున్నాను."

సేల్స్‌మన్ మూత మళ్ళీ పెట్టి, ఒక్కో స్క్రూ నిదానంగా బిగించాడు. తను తెచ్చిన డబ్బాని సంచీలోకి దించాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"దీనికన్నా పెద్దది ఇంకోటి వస్తోందట సార్," అన్నాడు. "ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. రోజూ ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటూ ఉండండి."