యాభై ఒకటో కుందేలు

"తెల్లారేసరికి విసనకర్రలకి యాభై కుందేలు బొమ్మలు కావాలి జింబెయి! లేదంటే పని వేరేవాడికిచ్చేస్తా" అని కొట్టు యజమాని హెచ్చరించి వెళ్లాడు.

కుందేలు చెక్కిన అచ్చుపలకకు రంగు పూస్తుండగా జింబెయికి గుర్తొచ్చింది, కాగితాలు తడిపిపెట్టలేదని. పొడి కాగితానికి రంగు పట్టదు. రాత్రంతా నానాలి. అది ఎప్పుడూ భార్య ఒసెనో చేసే పని. ఆమె పోయి నలభై రోజులైంది.

కాగితాల కట్ట విప్పాడు. కాగితాలన్నీ సమంగా, చల్లగా నాని ఉన్నాయి. యాభై ఒకటి.

"ఒక్కటైనా పాడుచెయ్యకుండా ఉంటారా మీరు?" అంటూ ఆమె ఎప్పుడూ ఒకటి ఎక్కువే తడిపేది.

తెల్లవారుజామున యాభయ్యో కుందేలు చెవి చెదిరింది. లోపలి గది తెర వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు.

జింబెయి తిరిగి చూడలేదు. మిగిలిన ఒక్క కాగితం అందుకుని, తల వంచి, "బతికించావే" అన్నాడు.