తొమ్మిది గంటల మాత్ర

ఏమండోయ్, తలనొప్పి మాత్రకి కూడా ముందు ఫోన్‌లో సైడ్ ఎఫెక్టులు చదివి, చదివినవన్నీ ఒంట్లోకి తెచ్చుకునే మీరే. ఇలా రండి. మీకంటే పిరికివాడి కథ చెబుతాను.

వాడి పేరు నాగభూషణం. ఆర్.కె. పురంలో మా పక్క బ్లాకు. ఇద్దరం ఒకే సెక్షన్లో రిటైరయ్యాం. వాడికి ప్రాణం కంటే మీసం ముఖ్యం.

వాడి మేనకోడలు శరణ్య ఇక్కడే ఒక పెద్దాసుపత్రిలో పరిశోధన చేస్తోంది. థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్ మెదడు కిందున్న చిన్న గ్రంథి నుంచి వస్తుందట. వయసు మళ్ళిన మగవాళ్ళలో అది తగ్గుతుందా, ఫ్యాక్టరీలో చేసిన ఆడ హార్మోన్ ఇస్తే మళ్ళీ పెరుగుతుందా అన్నది ఆ పిల్ల ప్రశ్న. అరవై ఐదు దాటినవాళ్ళు ఇంకా ఇద్దరు కావాలంది. సంతకాలు పెట్టాం.

చెరో డబ్బా ఇచ్చింది. ఒకదాంట్లో హార్మోన్, ఇంకోదాంట్లో ఉత్తి మాత్రలు. చూపుకి రెండూ ఒకటే. ఏది ఎవరిదో ఆ పిల్లకి కూడా తెలీదు. నెల రోజులు వేసుకోవాలి. మధ్యలో ఎవరు మానేసినా ఆమె చదువు ఏడాది వెనక్కి.

అక్కణ్ణుంచి అశోకా రోడ్‌లో మన తెలుగు క్యాంటీన్‌కి భోజనానికి వెళ్ళాం. పప్పులో నెయ్యి వేసుకుంటూ, మందుల గదిలో మాట చెవిన పడిందని ఒక కోత కోశాను.

"నీదేరా ఆడ హార్మోన్. నాది సుద్ద."

వాడి ముద్ద నోటి దగ్గరే ఆగింది.

"మానేస్తే పిల్ల ఏడాది పోతుంది. మింగితే నేను పోతాన్రా మాణిక్యం."

నేను చేయి కడుక్కుని వచ్చేసరికి నా సంచీకి కాపలాగా, దిగులుగా కూర్చునున్నాడు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున తొమ్మిదికి వీడియో కాల్. గొంతు సన్నబడిందిరోయ్ అంటే, అవునురా అనేవాడు, సన్నగానే. మీసం రాలుతోందనేవాడు. చీరల షాపు ముందు కాళ్ళు ఆగిపోతున్నాయనేవాడు. నేను పడీ పడీ నవ్వేవాణ్ణి.

రెండో వారం ఇక మానేస్తానన్నాడు. నా నవ్వు ఆగింది. అబద్ధమని చెబితే నా పీక పిసుకుతాడు. చెప్పకపోతే శరణ్య మునుగుతుంది. ఇరుక్కుపోయాను. వాడికి ధైర్యం చెప్పడం నా డ్యూటీ అయింది. ముందు నేను మింగి, కెమెరాకి నాలుక చూపిస్తేగాని వాడు మింగడు. జ్వరమొచ్చిన రోజు కూడా నన్ను వదల్లేదు.

నెల తిరిగింది. పరీక్ష రోజు ఇద్దరివీ పక్కపక్క మంచాలు. ఆ చిన్న గ్రంథిని కదిలించే ఇంజెక్షన్ ఇచ్చి, చేతికి గుచ్చిన సూదిలోంచి అరగంటకోసారి రక్తం తీస్తారు. రెండు గంటలు లేవడానికి లేదు.

శరణ్య కాగితం పట్టుకొచ్చింది.

"మాత్రల్లో ఏ తేడా జరిగినా ఇప్పుడే చెప్పండి అంకుల్. ఇప్పుడైతే రాసుకుంటాను, తర్వాతైతే నా థీసిస్ మొత్తం తప్పు. ఛాతీ సలపడం, వాపు, అలాంటివేమైనా?"

"పది రోజులుగా బనీను తగిలినా సలుపుతోందమ్మా. నీళ్ళ క్యాన్ ఎత్తినందుకులే. నువ్వు అడగాల్సింది మీ మామయ్యని," అని కన్ను కొట్టాను.

"నాకేం లేదు తల్లీ," అన్నాడు నాగభూషణం ఖాళీగా ఉన్న చేత్తో మీసం మెలేస్తూ, "ఆ రోజు అశోకా రోడ్‌లో వీడు చేయి కడుక్కోడానికి లేవగానే రెండు డబ్బాల్లో మాత్రలూ అటుదిటు, ఇటుదటు మార్చేశాను, అది రాసుకో."