అట్ట మీది పిల్ల

“ఇది తప్ప ఏదైనా సరే,” అంటూ మార్సియా ఆ బొమ్మను టీకప్పు అవతలికి నెట్టేసింది.

పౌలీన్ దాన్ని మళ్ళీ ఇవతలికి లాగింది. వాళ్ళు కూర్చున్న లైబ్రరీని నడిపేది ఆమే, పోటీ పెట్టిందీ ఆమే. మార్సియా రాసిన మంత్రాల పిల్ల టాన్సీ కథ అచ్చయి పదేళ్ళు. కొత్త ముద్రణకు పిల్లలు గీసిన బొమ్మే అట్ట మీద వేస్తారట. దక్షిణ లండన్ బడిపిల్లలు నూట నలభై మంది గీశారు. సాయంత్రం అయిదులోగా ఒకటి ఎంచి ప్రచురణకర్తకు పంపాలి.

“అందరికంటే బాగా గీసింది ఈ ఎఫువానే. తొమ్మిదేళ్ళ పిల్ల!”

“గీత బాగానే ఉంది, మనిషే మారిపోయింది. నల్లటి ఒళ్ళు, తలంతా సన్నజడలు, ముందుపళ్ళ మధ్య సందు! ఈమధ్య ఇదో మోజు, కథల్లో తెల్లపిల్లలందర్నీ నల్లగా గీసెయ్యడం. రాసినదాన్ని, నన్నో మాట అడగాలిగా?”

“తెల్లపిల్లని ఎక్కడ రాశావు?”

“పదేళ్ళుగా అట్ట మీద పసుపు జుట్టుతో కూర్చుంటే!”

“అట్ట సంగతి కాదు. లోపల చూపించు.”

మార్సియా పళ్ళ మధ్య నుంచి చిరాగ్గా ‘చ్చ్’ అంది. తన పుస్తకం తనకు తెలియదా? విసవిసా పేజీలు తిప్పింది. జుట్టు రంగు లేదు. ఒంటి రంగూ లేదు. ఆదివారం సాయంత్రం తల్లి టాన్సీని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నూనె రాసి, మూడు గంటలసేపు జడలల్లడం ఉంది. ముందుపళ్ళ సందులోంచి ఈల వేస్తే చీపురు ఎగరడం ఉంది.

“పసుపు జుట్టుకి మూడు గంటలా?”

“చిక్కులెక్కువేమో!”

“ఆ పిల్ల ఏదీ మార్చలేదు తల్లీ, శ్రద్ధగా చదివింది. నిజంగా నీకేమీ కనబడట్లేదా?” పౌలీన్ బొమ్మను చూసింది, మార్సియాను చూసింది, మిగిలిన టీ తాగేసింది.

మార్సియాకు ఒళ్ళు మండింది. కొంచెం సిగ్గు కూడా వేసింది. చిన్నప్పుడు తను చదివిన పుస్తకాల్లో మంత్రాల పిల్లలందరూ పసుపు జుట్టువాళ్ళే. రాసేటప్పుడు కళ్ళ ముందు తిరిగింది వాళ్ళే. మరి ఆ నూనె, ఆ మోకాళ్ళు ఎలా వచ్చి చేరాయో! రచయిత్రికి అన్నీ తెలిసి తీరాలని రూలేమీ లేదు కదా.

“మా అమ్మనే అడుగుదాం. ఆరుసార్లు చదివింది. నా మాటే అంటుంది చూడు.”

నిజానికి అమ్మ మీద అంత ధీమా పెట్టుకోవడానికి లేదు. పదేళ్ళ కిందట మొదటి ప్రతి చేతికిస్తే, “అట్ట మీద ఈ పిల్లెవరే?” అంది. మర్నాడే మార్సియా ఆమెకు కళ్ళజోడు మార్పించింది.

బొమ్మను ఫొటో తీసి, “ఇదెవరో చెప్పమ్మా” అని రాసి బర్మింగ్‌హామ్‌కు పంపింది. నాలుగూ ముప్పావుకు ఫోన్ మోగింది. గెలిచేసినట్టే మొహం పెట్టి, పౌలీన్‌కు కూడా వినబడాలని స్పీకర్ నొక్కింది.

“ఎంత బాగా గీశారే!” అంది అమ్మ. “నీ ఎనిమిదో ఏటి ఫొటో ఎవరికిచ్చావు?”